పెదాలు కదిలినంత సేపు

ఆదివారం పదకొండుంబావుకి సూర్యప్రకాశరావు గారికి ఏడుపొచ్చేది. అంతకు ముందు రాదు, ఆ తర్వాతా రాదు. పదింటికి ధ్యానం, పదిన్నరకి ప్రసంగం, పన్నెండింటికి భోజనాలు. ప్రసంగానికీ భోజనాలకీ మధ్య ఆ ఏడుపు చక్కగా అమిరేది. ముందు గొంతు తగ్గేది, తర్వాత కళ్లద్దాలు చేతిలోకి వచ్చేవి, ఆ తర్వాత ఎదురుగా కూర్చున్న నూటయాభై మంది సాఫ్ట్‌వేర్ వాళ్లు ఒక్కసారే ముక్కులు ఎగబీల్చేవాళ్లు. సెలవురోజున కూడా మెడలోంచి కంపెనీ కార్డు తీయని జాతి అది. నడుము నొప్పెట్టకుండా వెనక ఆనుడున్న మెత్తలు తెప్పించుకుని, వాటి మీద కూర్చుని వైరాగ్యం నేర్చుకునేవాళ్లు.

అదంతా జూబ్లీహిల్స్‌లో, బండ పేల్చి కట్టిన మూడంతస్తుల ఇంట్లో, కింది హాల్లో జరిగేది. హాలు పేరు మౌనతీరం. అక్కడ మౌనమూ ఉండేది కాదు, కనుచూపు మేరలో తీరమూ లేదు. రావు గారు ఎక్కడో ప్రాజెక్టుల మీద పెద్ద ఇంజనీరుగా చేసి దిగిపోయిన మనిషి. దిగిపోయిన ఏడాదికే ఆయనకి సత్యం దొరికింది. జనం గురూజీ అనడం మొదలుపెట్టారు. ఆయన వద్దనలేదు.

ఆయన్ని ఏడిపించేది ఒక బెంగాలీ కవి. అభయపద ఘోషాల్ అని, ఎక్కడో గంగ పాయ మీద రేవులో చీటీలు చింపుకుంటూ బతికిన గుమాస్తా. బతికినన్నాళ్లూ ఎవరూ ఖాతరు చెయ్యలేదు. పోయిన నలభై ఏళ్లకి కలకత్తా వాళ్లు ఆయన మీద పదమూడు భాగాల టీవీ సీరియల్ తీశారు. దాన్ని తెలుగు చేసి, మనుషులెవరూ చూడని వేళ పొద్దున్నే ఆరింటికి ఒక ఛానెల్ వేసింది. ఆ వేళ నడక యంత్రం మీద నడుస్తూ రావు గారు చూశారు.

"ఉపనిషత్తులు చదివాను. సూఫీలని చదివాను. ముప్ఫై ఏళ్లు వెతికాను," అనేవారు. "ఘోషాల్ ఒక్క వాక్యంతో నన్ను కూర్చోబెట్టేశాడు." ఆపైన కళ్లు మూసుకుని ఆ వాక్యం చెప్పేవారు.

"పిలవకుండానే వచ్చాను, పొమ్మనకుండానే పోతాను. మధ్యలో మనిషినని మీతో అనిపించుకోను."

చెప్పుల అరకి ఆనుకుని నిలబడ్డ జాన్ బాబు ఆ హాల్లో ఈ మాట మొదటిసారి విన్న రోజున ఉలిక్కిపడి వెనక్కి చూశాడు, తననెవరో పిలిచారనుకుని. ఆ వాక్యం ఘోషాల్‌ది కాదు. జాన్ బాబుది.

*

జాన్ బాబు డబ్బింగ్ రచయిత. రచయిత అన్న ముక్క అతను కలుపుకున్నదే. ఫిలింనగర్‌లో "డబ్బింగాయన" అంటారు, కరెంటాయన, నీళ్ల టాంకరాయన అన్నట్టు. పుట్టింది ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో. తండ్రి బొబ్బిలి వైపు నుంచి వలసపోయి లోకోషెడ్డులో బొగ్గెత్తినవాడు. ఆరో తరగతి మధ్యలో బడి మానేసి టీ కొట్లో చేరాడు. బెంగాలీ అక్కడే వచ్చింది, గ్లాసులు కడుగుతూ, బజ్జీలు చుట్టే పాత పేపర్లు చదువుకుంటూ. తర్వాత మద్రాసు, అక్కడి నుంచి సినిమావాళ్ల మూటాముల్లెల వెనకే హైదరాబాదు. ఇరవై రెండేళ్లలో వంద పైన సినిమాలకి, లెక్కలేనన్ని సీరియళ్లకి మాటలు రాశాడు. తెర మీద అతని పేరు ఒక్కసారీ పడలేదు. సినిమాల్లో మాటలు అన్న కార్డు మీద ఇంకొకరి పేరు ఉండేది. సీరియళ్లలో ఆఖర్న వేసే పేర్లు కోసేసి అక్కడ తలనూనె ప్రకటన పెట్టేవాళ్లు.

ఈ పనిలో ధర్మం ఒకటే. తెర మీద పెదాలు కదిలినంత సేపు మాట ఉండాలి. పెదాలు మూసుకున్న చోట ప, బ, మ ఏదో ఒకటి పడాలి. అర్థం తర్వాతి సంగతి. పెదాలు కదిలి మాట లేకపోతే దాన్ని ఖాళీ అంటారు. ఖాళీ ఉందంటే ఛానెల్ వాళ్లు టేపు వెనక్కి కొడతారు.

ఘోషాల్ సీరియల్ ఆఖరి భాగంలో అలాంటి ఖాళీ వచ్చింది. కవి వేషం కట్టినాయన రేవు గట్టున నిలబడి నాలుగు పాదాల పద్యం చెప్పాడు. పద్యం అయిపోయింది, పెదాలు మాత్రం ఇంకా ఏడెనిమిది సెకన్లు ఆడుతూనే ఉన్నాయి. టేపులో అక్కడ శబ్దం తుడిచేసి ఉంది.

"గీడ సౌండ్ లేదే జానన్నా. మూతి మాత్రం ఆడుతుంది," అన్నాడు బాలనర్సయ్య. ఆ డబ్బింగ్ థియేటర్లో సౌండ్ మనిషి, షేక్‌పేట వాస్తవ్యుడు. "ఏమన్న ఏసి నింపు. మళ్ల వాపస్ పంపుతరు గాళ్లు."

ఆ రోజు పొద్దున జాన్ బాబు ఒక పెద్ద రచయిత ఇంటి గేటు దగ్గర రెండు గంటలు నిలబడి వచ్చాడు. తను రాసిన సినిమా మాటల కట్ట ఆయన చేతికివ్వడానికి వెళ్లాడు, వాటి మీద ఆయన పేరు వేసుకోవడానికి. కట్టని వాచ్‌మన్ తీసుకున్నాడు. కారు బయటికొచ్చింది, అద్దం దిగలేదు. ఆ మంట కడుపులో అలాగే ఉంది. తెర మీద పెదాలు ఎక్కడెక్కడ మూసుకుంటున్నాయో రెండుసార్లు చూసుకుని, ఛానెల్ వాళ్ల కాగితం వెనక రాసిచ్చాడు. గొంతిచ్చేవాడు ఒక్క దెబ్బకి చెప్పేశాడు. పెదాలకి అతికినట్టు సరిపోయింది.

"మంచిగుంది గని," అన్నాడు బాలనర్సయ్య, "పొద్దుగాల ఆరింటికొచ్చే సీరియల్లకు గింత ఎందుకే?"

అంతే. దాన్ని ఇద్దరూ మర్చిపోయారు.

*

ఏడాది తర్వాత పద్మప్రియ అనే అమ్మాయి థియేటర్ మెట్లు దిగి వచ్చింది. హైటెక్ సిటీలో ఏదో కంపెనీలో మనుషుల్ని ఉద్యోగాల్లోకి తీసుకునే విభాగానికి పెద్ద. మౌనతీరం వ్యవహారాలు చూసేది కూడా ఆవిడే. నేలమాళిగలోని సిగరెట్టు వాసనకి ముక్కు చిట్లించకుండా ఉండటానికి చాలా కష్టపడింది.

"ఘోషాల్‌ని తెలుగులోకి తెచ్చింది మీరే కదా సర్?"

జాన్ బాబుతో ఇలాంటి వాక్యం ఎవరూ అని ఉండలేదు. బాలనర్సయ్య భుజం మీది తువ్వాలుతో కుర్చీ తుడిచాడు.

"గురూజీ కామెంటరీతో బుక్ తెస్తున్నాం సర్. ఎడం పేజీలో బెంగాలీ ఒరిజినల్, కుడి పేజీలో మీ తెలుగు. ఆ స్క్రిప్ట్‌లోనే ఒక వైబ్రేషన్ ఉందంటారు గురూజీ. మాలో బెంగాలీ చదవడం ఎవరికీ రాదు. మీరొకసారి ఒరిజినల్‌తో చెక్ చేసి పెట్టాలి."

"నా పేరుంటుందా అమ్మా?" అని అడిగేశాడు. ఇంకాస్త ఆగి అడగాల్సిందని తర్వాత అనిపించింది.

"లోపలి పేజీలో, తెలుగు సేత జాన్ బాబు అని. లాంచ్ రోజు స్టేజ్ మీదకి కూడా పిలుస్తాం సర్."

ఆమె వెళ్లిపోయాక బాలనర్సయ్య చాలాసేపు నవ్వాడు. "ఆ గురూజీ ఇల్లు కట్టిన బండ మీద మా నాయిన మేకలు మేపిండె. గప్పుడు గాడ ఏ తీరం లేకుండె, రాళ్లు తేళ్లు తప్ప. జర పైలం అన్నా. గాళ్లు నవ్వుకుంట గుంజుకుంటరు."

"పేరు వేస్తారటరా."

"ఏస్తె మంచిదే. నాకేమన్న కడుపుమంటనా?"

రహమత్‌నగర్‌లో రెండు గదుల కిరాయి ఇంట్లో భార్య హెలెన్‌కి ఆ సాయంత్రమే చెప్పాడు. ఆమె నమ్మలేదు. ఏ పేజీలో వేస్తారు, ఎంత పెద్ద అక్షరాలతో వేస్తారు అని మూడుసార్లు అడిగింది. పెళ్లయిన కొత్తలో సినిమాకి వెళ్లి, పేర్లు పడుతుంటే "ఏదండీ, మీదేది" అని అడిగి, హాలంతా వెలుగొచ్చి జనం లేచిపోయేదాకా కూర్చున్న మనిషి ఆమె. ఆదివారం మందిరంలో సాక్ష్యం చెప్పింది, మా ఆయన పేరు పుస్తకంలో వస్తోంది, ప్రార్థన చెయ్యండి అని. ఇక వెనక్కి పోవడానికి లేకుండా పోయింది.

మొదటి ఆదివారం మౌనతీరానికి వెళ్లినప్పుడే ఆ వాక్యం విన్నాడు. ఏడుపూ చూశాడు. రావు గారు విప్పి చెప్పిన అర్థమూ విన్నాడు. పిలవకుండా రావడం అంటే జన్మట. పొమ్మనకుండా పోవడం అంటే సమాధి అట. మనిషినని అనిపించుకోకపోవడం అంటే అహంకారం ఉప్పులా కరిగిపోయిన స్థితి అట. కారు అద్దం దింపని వాడి మీద ఒళ్లుమండి రాసిన మాట అది. అందులో ఉన్నదంతా అహంకారమే, నిలువెత్తు అహంకారం, గేటు దగ్గర ఎండకి కాగిన అహంకారం. జాన్ బాబుకి నవ్వొచ్చింది. దాని వెనకే ఒక దిక్కుమాలిన సంతోషమూ వచ్చింది. ఇంతమంది నా మాటకి ఏడుస్తున్నారు కదా అనుకున్నాడు. ఆ రోజు చెప్పలేదు. పేరు అచ్చయ్యేదాకా నోరు మూసుకుంటే పోయేదేముంది అనుకున్నాడు.

*

కలకత్తా నుంచి ఘోషాల్ పుస్తకం వచ్చింది. పలచటిది, మాసిన అట్ట. జాన్ బాబు వంటగది గడప మీద కూర్చుని, వేలు పెట్టుకుని, మెల్లగా చదివాడు. రేవు పద్యం అందులో యాభై మూడోది. సీరియల్‌లో విన్న నాలుగు పాదాలూ ఉన్నాయి.

రేవు దాటించమని అడిగాను, రేపు రమ్మన్నాడు.
రేపు వచ్చాను, నది నిన్నటిది కాదన్నాడు.
చీటీ చింపే చేతికి చీటీ లేదు,
పడవ నిండా నా చేత్తో చింపినవే.

కింద ఐదో పాదం ఉంది.

గట్టు మీద సాధువు నీటి లోతు చెబుతున్నాడు. ఆయనకి ఈత రాదు.

జాన్ బాబు రెండోసారి చదివాడు. ఆ బెంగాలీ పాదాన్ని నోట్లో అనుకుంటూ, అద్దం ముందు నిలబడి తన పెదాలు ఎక్కడ మూసుకుంటున్నాయో చూసుకున్నాడు. సరిగ్గా ఏడెనిమిది సెకన్లు పట్టింది. తెర మీద ఆ నటుడి మూతి ఆడింది ఈ మాటకే. సాధువులకి కోపం వస్తుందని కలకత్తా ఛానెల్ వాళ్లో మన ఛానెల్ వాళ్లో ఆ ముక్క నోరు నొక్కేశారు. ఆ గుంతలో జాన్ బాబు తన కడుపుమంట పోశాడు. దాన్ని తీసుకెళ్లి ఒక సాధువు ఏడాదిగా తీర్థంలా పంచిపెడుతున్నాడు.

"ఏంటండీ అద్దంలో మూతి తిప్పుకుంటున్నారు?" అంది హెలెన్.

"పెద్దమనిషే," అన్నాడు. ఆ మాట ఘోషాల్ గురించి. ఆమెకి అర్థం కాలేదు.

అప్పటిదాకా దాచుదామనుకున్నవాడు ఆ పూట మనసు మార్చుకున్నాడు. ఇందులో ఘోషాల్ మీద జాలి కొంత, అబద్ధమాడటం వద్దన్న బుద్ధి కొంత. మిగతాదంతా ఆశ. ఒక వాక్యానికి ఏడాది పొడుగునా ఏడ్చినవాడు, దాన్ని రాసినవాడు ఎదురుగా వచ్చి నిలబడితే ఏం చేస్తాడు? లేచి నిలబడడూ? నలుగురిలో చెప్పడూ? యాభై ఏళ్లు దగ్గరపడుతున్న మనిషి, ఫిలింనగర్‌లో ఇరవై రెండేళ్లు నలిగినవాడు, అలా అనుకున్నాడు. చెబితే సిగ్గుచేటు.

*

రావు గారు పై అంతస్తులో, చల్లటి గదిలో కూర్చున్నారు. పక్కన పద్మప్రియ. గోడకి ఘోషాల్ పటం, దానికి గంధపు దండ. ఆ పటంలో ఉన్నది ఘోషాల్ కాదు. ఆయన ఫొటో ఎవరి దగ్గరా లేక, సీరియల్‌లో వేషం కట్టిన నటుడి బొమ్మ పెద్దది చేయించి పెట్టుకున్నారు. ఆ నటుడు బతికే ఉన్నాడు. సబ్బు ప్రకటనల్లో వేస్తున్నాడు.

"రండి జాన్ గారూ. ఘోషాల్ గారిలో మునిగి వచ్చారు కదా, ఎలా ఉంది?"

"ఒక మాట చెప్పాలండి."

"చెప్పండి. ఇక్కడ దాపరికాలు లేవు."

"ఆ పిలవకుండానే వచ్చాను అన్న వాక్యం ఈ పుస్తకంలో లేదండి."

"వేరే ముద్రణలో ఉండి ఉంటుంది."

"ఏ ముద్రణలోనూ ఉండదండి. అది నేను రాశాను."

రావు గారు పద్మప్రియ వైపు చూశారు. ఆమె లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

"ఎందుకు రాశారు?"

"పెదాలు కదులుతున్నాయండి."

అది ఆయనకి అర్థం కాలేదు. జాన్ బాబు పని మొత్తం విప్పి చెప్పాడు. ఖాళీ అంటే ఏంటో, మ ఎందుకు పడాలో, టేపు ఎందుకు తిరిగొస్తుందో. చెబుతున్నంత సేపూ ఎదుటి ముఖంలో ఒక వెలుగు కోసం చూశాడు. రాలేదు.

"అసలు అక్కడ ఏముందో చదవండి," అన్నారు రావు గారు.

బెంగాలీలో చదివాడు. రావు గారు అలవాటు కొద్దీ కళ్లు మూసుకున్నారు, ఆ లిపి కంపనం కోసం. తర్వాత తెలుగులో చెప్పాడు. కళ్లు తెరుచుకున్నాయి.

పద్మప్రియ తన ఫోన్‌లో ఏదో అత్యవసరంగా చూసుకుంటోంది.

"ఇది ప్రక్షిప్తం," అన్నారు చివరికి. "ఎవరో తర్వాత చేర్చారు. ఘోషాల్ స్థాయి కాదిది. ఈ కుళ్లు, ఈ వెటకారం ఆయనలో ఉండే అవకాశం లేదు."

"ఆయన పుస్తకమేనండి ఇది. బతికుండగా అచ్చేయించుకున్నదే. ఇదిగో సంవత్సరం."

"మీరు అక్షరం చూస్తున్నారు జాన్ గారూ. నేను ఆత్మని చూస్తున్నాను." గొంతు ప్రసంగాల గొంతులోకి జారింది. "ఇంకో మాట చెబుతాను, నొచ్చుకోకండి. ఆ వాక్యం మీరు రాశానని అనుకుంటున్నారు. బడి కూడా పూర్తి చెయ్యలేదని మీరే అన్నారు పద్మతో. అంత మాట మీలోంచి ఎలా వస్తుంది చెప్పండి? మీ ద్వారా వచ్చింది. ఘోషాల్ గారు తన నోటితో చెప్పలేకపోయింది మీ చేత రాయించుకున్నారు. పైపులోంచి నీళ్లొచ్చాయని నీళ్లు పైపువి అవుతాయా?"

ఇరవై రెండేళ్లలో జాన్ బాబుని చాలా అన్నారు. పైపు అన్నవాళ్లు లేరు.

"పోనీండి. తెలుగు సేత అని నా పేరు…"

"అదీ ఆలోచించాలి. రేపు బెంగాలీ తెలిసినవాడు ఎవడో లేచి, ఈ జాన్ బాబు ఎవరు, ఈ వాక్యం ఎక్కడిది అంటే? మౌనతీరం సాధక బృందం అని వేద్దాం. అందులో మీరూ ఉన్నట్టే." ఆయన ఎంతో ప్రేమగా నవ్వారు. "మధ్యలో మనిషినని మీతో అనిపించుకోను. మీ కలంలోంచే వచ్చింది కదా ఆ మాట. మరి పేరెందుకు మీకు?"

పద్మప్రియ మెట్ల దాకా వచ్చింది. "సారీ సర్, గురూజీ డెసిషన్ అయిపోయింది. కానీ ప్రూఫ్స్ మాత్రం మీరే ఫైనల్ చెయ్యాలి. బెంగాలీ పేజీలు తలకిందులుగా వచ్చినా మాకు తెలీదు."

పేరుకి పనికిరానివాడు పేజీలకి పనికొచ్చాడు.

*

"నేను చెప్పలే?" అన్నాడు బాలనర్సయ్య. "ఇగ ఇడిచిపెట్టు. గాళ్లతోటి ఏం పంచాయితి?"

"విడిచిపెట్టేదేముందిరా. నా వాక్యం అక్కడుంది."

"ఉంటె ఉండనీ."

"నా పేరు లేని చోట నా మాట ఎందుకుండాలి?"

బాలనర్సయ్య అతని ముఖంలోకి చూసి సిగరెట్టు ఆర్పేశాడు. "మాటలు దాచుకునేటోనివైతె డబ్బింగ్ పనికెందుకొచ్చినవే? మన నోట్లకెళ్లి పోయింది మనది కాదు గద. ఇన్నేండ్లకు గిప్పుడు రోషమొచ్చిందా?"

వచ్చింది. ఖైరతాబాద్‌లో ప్రెస్సుకి వెళ్లి ఆఖరి ప్రూఫులు ముందేసుకుని, బెంగాలీ పేజీలు వరసగా ఉన్నాయో లేదో చూశాడు. అన్నీ సక్రమంగా ఉన్నాయి. యాభై మూడో పద్యం దగ్గర, కుడి పేజీలో, తన వాక్యం మీద అడ్డంగా గీత కొట్టాడు. అతను రాసిన వాటిలో నలుగురి నోళ్లలో నానింది అదొక్కటే. దాని కింద ఘోషాల్ పాదాన్ని ఉన్నదున్నట్టు తెలుగులో రాశాడు. సాధువు, నీటి లోతు, ఈత. కంపోజు చేసే అమ్మాయి మార్చి కొత్త కాగితం తీసిచ్చింది. "అంతా సరిచూచితిని" అని కింద రాసి సంతకం పెట్టాడు.

హెలెన్‌కి పేరు సంగతి చెప్పలేదు. ఎలా చెప్పాలో తెలియలేదు. పుస్తకావిష్కరణ రోజున ఆమె ఈస్టర్‌కి కొన్న చీర కట్టుకుని తయారైపోయింది.

*

సభ ఫిలింనగర్‌లోనే ఒక హాల్లో. ముఖ్య అతిథి ఒక హీరో. గంటన్నర ఆలస్యంగా వచ్చాడు, నల్లద్దాలతో. జ్ఞానం కోసం వచ్చిన సాఫ్ట్‌వేర్ వాళ్లు అతన్ని చూడగానే కుర్చీల్లోంచి లేచి ఫోన్లు పట్టుకుని ఎగబడ్డారు. మౌనతీరం వాళ్ల సభ కాసేపు చేపల బజారైంది.

గుమ్మం దగ్గర ఇచ్చిన పుస్తకాన్ని హెలెన్ మొదటి పేజీ నుంచి తిరగేసింది. కూడబలుక్కుని చదువుతుంది ఆమె.

"మీ పేరేదండీ?"

"వెనకెక్కడో ఉంటుంది."

వెనక నుంచి తిరగేసింది. "వెనకా లేదు." అతని వైపు చూసింది. ఇక అడగలేదు. చీర కుచ్చిళ్లు మోకాళ్ల మీద సర్దుకుని వేదిక వైపు చూస్తూ కూర్చుంది, ఎవరో పిలుస్తారని ఇంకా ఆశ ఉన్నట్టే.

పద్మప్రియ మైకు దగ్గరకి వచ్చి, గురూజీ హృదయాన్ని కదిలించిన పద్యాన్ని మన హీరో గారు చదివి వినిపిస్తారని చెప్పింది. హీరో నల్లద్దాలు తీసి, పుస్తకం విప్పి చదివాడు. తెలుగు చదవడం అంతగా రాదు గానీ విరుపులు బాగా వచ్చు. ప్రతి పాదం దగ్గరా సినిమాలో సవాలు విసిరినట్టు ఆగాడు. ఐదో పాదానికి గొంతు ఇంకా పెంచాడు.

"గట్టు మీద సాధువు… నీటి లోతు చెబుతున్నాడు." ఆగాడు. "ఆయనకి… ఈత రాదు."

హాలు దద్దరిల్లేలా చప్పట్లు పడ్డాయి. ఏం చదివినా కొట్టే చప్పట్లే అవి. మాట లోపలికి దిగిన కొద్దీ ముందు వరస చేతులు ఆగాయి, తర్వాత రెండో వరస. వెనక వరసలు మాత్రం కొడుతూనే ఉన్నాయి.

"సూపర్ లైన్ గురూజీ," అన్నాడు హీరో మైకులోనే, నవ్వుతూ. "నా సినిమాకి ఇచ్చేయండి."

రావు గారి ముఖం సున్నం కొట్టినట్టయింది. పుస్తకం అందుకుని చూశారు. మూశారు. మళ్లీ విప్పి చూశారు. ఇంజనీరుగా చేసిన మనిషి కదా, గండి పడితే పూడ్చడం తెలుసు. నిదానంగా లేచి మైకు అందుకున్నారు.

"అచ్చుతప్పు," అన్నారు. "క్షమించండి. ఇది ఘోషాల్ గారి మాట కాదు. అంత కుసంస్కారం ఆయనకి లేదు. ఆయన మాట మీకందరికీ తెలుసు." చెయ్యెత్తారు. నూటయాభై గొంతులు కలిసి జాన్ బాబు వాక్యాన్ని అప్పజెప్పాయి, బడిలో ఎక్కం చెప్పినట్టు.

జాన్ బాబు లేచి నిలబడ్డాడు. "అది ఆయన మాటేనండి," అన్నాడు. "మీరిప్పుడు చెప్పించింది నాది."

వినిపించలేదు. జీవితమంతా గాజు వెనక ఇంకొకడి గొంతు కోసం రాసినవాడికి, మైకు లేకుండా హాల్లో మాట్లాడటం ఎలాగో తెలియలేదు. ముందు కుర్చీలాయన వెనక్కి తిరిగి కూర్చోమని చేత్తో సైగ చేశాడు. హెలెన్ ఒక్కతే విన్నది. అతని చొక్కా అంచు పట్టుకుని మెల్లిగా లాగింది.

"రండి, పోదాం," అంది.

*

రెండు వారాలకి కొరియర్‌లో ఒక పుస్తకం వచ్చింది. అంతకు ముందురోజు పద్మప్రియ ఫోన్ చేసింది. "ఎందుకలా చేశారు సర్? గురూజీ చాలా హర్ట్ అయ్యారు. అయినా మీ మీద కోపం వద్దన్నారు. వెయ్యి కాపీలకీ కరెక్షన్ స్లిప్ అంటించాం. ఒక సండే అంతా అందరం కూర్చుని సేవగా చేశాం, తెలుసా. మీకొకటి పంపమన్నారు."

జాన్ బాబు యాభై మూడో పద్యం తీశాడు. ఐదో పాదం మీద వేలెడంత తెల్ల చీటీ అంటించి ఉంది. దాని మీద, పిలవకుండానే వచ్చాను, పొమ్మనకుండానే పోతాను, అంతా ఉంది. కింద అభయపద ఘోషాల్ అని. ఇంకా కింద, సన్న అక్షరాలతో ఒక ముక్క.

హెలెన్ పుస్తకం లాక్కుని కిటికీ దగ్గరకి తీసుకెళ్లింది. వేలు పెట్టుకుని చదివింది. "తెలుగు చేసిన జాన్ బాబు పొరపాటు వలన… తప్పు దొర్లినందుకు… చింతిస్తున్నాము." తలెత్తింది. "పొరపాటని ఎందుకేశారండీ?"

"వాళ్లకి అలా అనిపించింది."

"ఎన్నిటికి అంటించారు?"

"అన్నిటికీ. వెయ్యి."

ఆమె మళ్లీ చీటీ వైపు చూసింది, చాలాసేపు. "పేరు మాత్రం తప్పుల్లేకుండా వేశారు," అంది. పుస్తకం అతని చేతిలో పెట్టి పొయ్యి దగ్గరకి పోయింది.

జాన్ బాబు చీటీ మూల గోటితో లేపి చూశాడు. జిగురు గట్టిదే వాడారు. లాగితే కింది కాగితం కూడా లేచి వస్తోంది, సాధువు సగం చిరిగి చీటీతో పాటే వస్తున్నాడు. పూర్తిగా పీకితే రెండూ పోతాయి, ఘోషాల్ పాదమూ, తన పేరూ.

కాసేపు అలాగే పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత చీటీని యథాస్థానంలో పెట్టి, బొటనవేలితో మూల నుంచి మూలకి ఒత్తి అంటించాడు.